మొదటి గడిలో ఒకటి

రోజు 211. నొక్కింది 1.

కాదండి, ఉప్పు గాలికి తుప్పు పట్టి కాదు. మా గట్టు మీద తలుపు బందులు, పంపు చక్రాలు, పడవ గొలుసులు అన్నీ తుప్పుకి కిర్రుమంటాయి. ఆ చప్పుళ్ళన్నీ నాకు తెలుసు. ఇది వేరు. తడి గాజు మీద వేలు పెట్టి రుద్దితే వస్తుందే, అలా ఉంటుంది. మా అత్త కుడి తుంటిలోంచి వస్తోంది. లేచేటప్పుడు ఒకసారి, తర్వాత మొదటి నాలుగడుగులకి నాలుగుసార్లు. 198వ రోజు నుంచి.

మీరు అడగలేదని తెలుసు. మీరు రోజూ పొద్దున్న అడిగేది ఒకటే. కీలు ఎలా ఉంది, బాగుంటే 1, పర్వాలేదంటే 2, బాగోకపోతే 3. ఏడు నెలలుగా 1 నొక్కుతున్నాను. ఈ రోజు బొటనవేలు జారి మీరిచ్చిన ఫోను తెర కిందకి పోయింది. అక్కడ ఇంకో గడి ఉంది. "ఇంకేమైనా చెప్పాలా?" అని. పక్కింటి తవిటయ్య మావని అడిగితే, "అదెవుడు సదువుతాడ్రా, ఊరికే పెట్టుంటారు" అన్నాడు.

ఎవరూ చదవరంటే నాకు రాయడం సులువు. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట రాదు.

నా పేరు గౌరీసు. పదహారేళ్ళు. మీరు పరీక్ష కోసం మా నాలుగో గట్టు మీద నలభై మందికి కొత్త కీళ్ళు పెట్టారు కదా, అందులో పదకొండో పేరు పైడమ్మ, అది మా అత్త. నేను ఆమెకి తోడుని. పాత గట్టు తెగినప్పుడు అమ్మానాన్న పోయారు. అప్పటికి నాకు మూడేళ్ళు. అప్పటినుంచి అత్తే.

రోజు 214. నొక్కింది 1.

పొద్దున్నే సూర్యపలకల మీద ఉప్పు తుడిచాను. పోటు గంట మోగితే తూము దించాను. మంచు పట్టే వల కింద బిందెలో సగం నీళ్ళు పడ్డాయి. మామూలు రోజే.

అత్త ఉప్పు మళ్ళలోకి వెళ్ళింది. ఉప్పు లాగడానికి యంత్రం బండి ఉంది. కానీ అది మడి మూలల్లోకి తిరగలేదు. మూలల్లో గొంతుక్కూర్చుని చేత్తో తీయాలి. మీరిచ్చిన కాగితంలో గొంతుక్కూర్చోకూడదని రాసి ఉంది. బొమ్మ కూడా వేసి ఉంది, మనిషి కూర్చున్నట్టు, మీద ఎర్ర గీత. నేను చూపించాను.

అత్త అంది, "మరి మూలలెవుడు తీస్తాడు? ఈ బొమ్మలోనోడా?"

"కుర్చీ వేసుకోమన్నారు అత్తా."

"మడిలో కుర్సీ ఎయ్యాలా? ఎల్లి కిరీటం కూడా అట్టుకురా. రాణీగారినాగ కూకుని తీస్తాను."

పక్క మడిలో వాళ్ళంతా నవ్వారు. నేను తల దించుకుని వచ్చేశాను. మా గట్టు మీద పని చేసేవాళ్ళకే ఇల్లు. పని మానేస్తే లోతట్టు షెడ్లకి పంపేస్తారు. మీకు తెలిసే ఉంటుంది. ఏమో, తెలీదేమో.

రోజు 219. నొక్కింది 1.

చప్పుడు విన్నానని ఈ రోజు అత్తకి చెప్పాను. తనకీ వినబడుతోందట, నాకు వినబడదనుకుందట.

3 నొక్కుతానన్నాను. గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"దాలమ్మ నొక్కింది కదా మూడు. ఏటైంది?"

నాకు గుర్తుంది. దాలమ్మ నలభై మందిలో ఐదోది. తుంటి దురదగా ఉందని 3 నొక్కారు. రెండో రోజున పడవ వచ్చింది. కీలు తీసేశారు. పరీక్షకి పనికిరాదని వేరేది పెట్టలేదు. నడవలేదు, డేకనూ లేదు కాబట్టి పని లేదు, పని లేదు కాబట్టి షెడ్లు. ఆమె ఖాళీ చోటులో అయిదో గట్టు నుంచి ఇంకొకరిని తీసుకొచ్చి మళ్ళీ నలభై చేశారు.

"ఒకటి నొక్కీరా, మా నాయినవి కదూ. ఐదేళ్ళు డేకినాను. మూడు మాత్రం నొక్కకు."

డేకినప్పుడు నాకు బాగా తెలుసు. డేకుతూనే మళ్ళలో పని చేసింది, ఇల్లు పోకుండా. బిందె నేనే మోసేవాణ్ణి. అత్తనీ నేనే మోసేవాణ్ణి, చెరువు గట్టు ఎక్కేచోట.

అందుకే ఇలా చేస్తున్నాను. పైన అత్త చెప్పింది నొక్కుతాను. కింద ఉన్నది రాస్తాను. రెండూ మీకే వస్తాయి కదా.

రోజు 228. నొక్కింది 1.

చప్పుడు ఇప్పుడు పది అడుగుల దాకా వస్తోంది. అన్నం ఇనుము రుచిగా ఉందంటోంది అత్త. నేను తింటే బాగానే ఉంది. గిన్నె మార్చాను. మళ్ళీ అదే మాట.

రోజు 240. నొక్కింది 1.

ఈ రోజు మీ కేంద్రం నుంచి నీరజ మేడం వచ్చారు. నలభై మందినీ తూము పక్క చదునులో నిలబెట్టారు. ఒక్కొక్కళ్ళూ తాడు దాకా నడిచి వెనక్కి రావాలి. తోడు పక్కన ఉండాలి.

నడిచేముందు మేడం అందరినీ అడిగారు, "ఎలా ఉంది పెద్దమ్మా? ఎలా ఉంది తాతా?" అందరూ ఒకటే, "బాగున్నాదమ్మా." మేడం మీద భయంతో అన్నది కాదు అది. పెద్ద రోగమొచ్చి మంచం మీద ఉన్నవాళ్ళని పలకరించినా మా దగ్గర బాగున్నానే అంటారు. చూడ్డానికి వచ్చినవాళ్ళ ముందు ఒంటి బాధ చెప్పుకోవడం మర్యాద కాదు.

అత్త వంతు వచ్చింది. మొదటి అడుగుకే కిర్రుమంది. నాకేం చెయ్యాలో తెలీలేదు. గట్టిగా దగ్గాను. రెండో అడుగుకి మళ్ళీ దగ్గాను. తాడు దాకా, మళ్ళీ వెనక్కి, గొంతు మండేదాకా దగ్గాను. మేడం నన్ను చూసి తల ఊపారు, పాపం అన్నట్టు.

తర్వాత ఎర్రన్న తాత నడిచాడు. ఆయన మనవరాలు దగ్గింది. తర్వాత అసిరమ్మ నడిచింది. ఆమె మొగుడు దగ్గాడు. తర్వాత ప్రతి ఒక్కరూ.

అప్పుడు అర్థమైంది నాకు. అందరి కీళ్ళూ కిర్రుమంటున్నాయి. ఎవరికి వాళ్ళు తమదొక్కటే అనుకుంటున్నారు. అందరూ 1 నొక్కుతున్నారు.

మేడం అడిగారు, "ఏంటండీ, ఈ గట్టు మీద అందరికీ దగ్గేంటి?"

చేతుల మీద జరుగుతూ చూడ్డానికొచ్చిన తవిటయ్య మావ అన్నాడు, "ఉప్పు గాలమ్మా. నాకు నేదు సూడండి. కీలెట్టినోల పక్కనున్నోలకే దగ్గొస్తన్నాది."

అందరూ ఒక్కసారి మావ వైపు చూశారు. మావ నాలిక కరుచుకున్నాడు. మేడం నవ్వి ఏదో రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు మాతో అన్నారు, "దీన్ని యంత్రం మీద యాభై లక్షల అడుగులు నడిపించి చూశాం. గీత కూడా పడలేదు. మీ అందరూ ఒకట్లే నొక్కుతున్నారు. చాలా సంతోషం."

నేను చెబుదామనే అనుకున్నాను. పడవ ఎక్కేదాకా వెనకాలే నడిచాను. నోరు తెరిస్తే దగ్గే వచ్చింది, ఈసారి నిజంది.

రోజు 247. నొక్కింది 1.

పడవలో నలభై దగ్గు మందు సీసాలు వచ్చాయి. తీపిగా ఉంది. పిల్లలు తాగేశారు.

నేను రాసింది మీరు చదవలేదని దీంతో తెలిసింది.

రోజు 256. నొక్కింది 1.

అయినా రాస్తున్నాను. అలవాటైపోయింది.

తవిటయ్య మావ రెండు తుంట్లూ అరిగిపోయాయి. అప్పట్లో అత్తలాగే డేకుతూ మడి పని చేస్తాడు, అందుకే ఇల్లుంది. పరీక్ష గెలిస్తే తర్వాత పెట్టే వాళ్ళలో మా గట్టు మీద మొదటి పేరు ఆయనదే. రోజూ అత్త పక్కన కూర్చుని అడుగుతాడు. కొత్త కీలు బరువుగా ఉంటుందా, చలికి సల్లగా తగులుతుందా, పరిగెట్టొచ్చా.

"నీకెందుకు పరుగు? ఎవురెనకాల పడతావు?" అంటుంది అత్త.

"ముందు నా ఎనకాల పడ్డోలకి బాకీ ఉండిపోనాదే పైడీ. ఆలకి దొరక్కుండా పరిగెట్టాల."

అత్త నవ్వుతుంది. నవ్వితే ఈ మధ్య ఆయాసం వస్తోంది.

రోజు 271. నొక్కింది 1.

పొద్దున్న నేను పలకలు తుడుస్తుంటే అత్త మళ్ళ వైపు నుంచి పరుగులాగా వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"గౌరీసూ! సూసినావా, కిర్రు తగ్గిపోనాది! నిన్నటేల నుంచి నేదు!"

నా ముందు అటూ ఇటూ నడిచి చూపించింది. కిర్రు, కిర్రు, కిర్రు. ముందుకంటే గట్టిగా ఉంది. గట్టు అవతల కొంగ కూడా లేచిపోయింది.

"ఇంటన్నావా? ఏటీ నేదు కదా?"

ఆమె వెనక నిలబడి, పోటు గంట కర్రతో పలక అంచు మీద కొట్టాను. అత్త తిరగలేదు. ఇంకా గట్టిగా కొట్టాను. పక్కింట్లోంచి మావ తొంగిచూశాడు. అత్త మాత్రం ముందుకే చూస్తూ, సొంత కాలు చూసుకుని మురిసిపోతోంది.

నా వైపు తిరిగి మళ్ళీ అడిగింది. లేదత్తా, ఏ చప్పుడూ లేదు అన్నాను. నా పెదాలు చూసి తల ఊపింది.

ఈ రోజు 1 నొక్కేటప్పుడు వేలు చాలాసేపు ఆగింది.

రోజు 294. నొక్కింది 1.

ఇప్పుడు చెవి దగ్గర అరిస్తేనే వినబడుతుంది. చేతులు వణుకుతున్నాయి. ఉప్పు దోసిట్లోకి తీస్తే మళ్ళీ మడిలోనే పడిపోతోంది. ఆమె వంతు మూలలు నేను తీస్తున్నాను. నాలుగడుగులు నడవగానే ఆయాసం. కాళ్ళు ఉబ్బాయి.

తుంటి నొప్పి మాత్రం లేదంటోంది. అందుకే అందరూ గుండె జబ్బు అంటున్నారు. వయసు అంటున్నారు. యాభై మూడుకి వయసేంటి?

ఇనుము రుచి, చెవులు, చేతులు, ఆయాసం. చప్పుడు మొదలయ్యాకే అన్నీ మొదలయ్యాయి. నేను నాలుగో తరగతి వరకే చదివాను, అయినా లోపల ఏదో అరిగి ఒంట్లోకి పోతోందని నాకనిపిస్తోంది. అరగకుండా ఊరికే చప్పుడు రాదు కదా. మడి చెక్కే ఇనప పలక కూడా అంతే, అరిగితే నీళ్ళలోకి పొడి దిగుతుంది.

దయచేసి ఎవరైనా చదవండి.

రోజు 301. నొక్కింది 1.

ఈ రోజు 3 మీద వేలు పెట్టాను. అత్త చూసింది. చదవడం రాదు గానీ 1 ఎక్కడుంటుందో, 3 ఎక్కడుంటుందో తనకి తెలుసు.

నా చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు. నిల్సునే పోతాను గానీ డేకుతా పోను. నీను మొయ్యకు నన్ను. సిన్నప్పుడునుంచీ మోసినావు, సాలు."

నేను అరిచి చెప్పాను, మోస్తాను అత్తా, నాకేం బరువు లేదు అని. ఇంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. గట్టంతా విన్నది. అత్తకి వినబడలేదు.

1 నొక్కాను.

రోజు 318. ఏమీ నొక్కలేదు.

పొద్దున్న తొమ్మిదింటికి మూడో మడి మూలలో కూర్చుని లేవలేదు. ఎత్తడానికి వెళితే ఊపిరి లేదు. ఒళ్ళో ఉప్పు ఉంది.

గొంతుక్కూర్చునే ఉంది.

రోజు 321. ఏమీ నొక్కలేదు.

బూడిదలో ఎముకలు ఏరాను. ఎర్రన్న తాత చూపిస్తుంటే పాదాల నుంచి పైకి ఏరుకుంటూ వచ్చాను. తుంటి దగ్గర కీలు దొరికింది. ఇంకా వెచ్చగా ఉంది.

గుండు ఒకటి, దాన్ని పట్టుకునే గిన్నెలాంటిది ఒకటి. గుండు నల్లగా ఉన్నా గుండ్రంగానే ఉంది. గిన్నె మాత్రం ఒకవైపు అంచు లేదు. మంటకి కరిగింది కాదు. కరిగితే బొట్లు కడుతుంది. ఇది నున్నగా, పలుచగా, కత్తి అంచులా చెక్కుకుపోయింది. ఎక్కడ అరిగిందో చూడ్డానికి గుండు అందులో పెట్టి తిప్పాను. నిలబడినట్టు పెడితే అంచు తగల్లేదు. నడిచినట్టు తిప్పితే తగల్లేదు. గొంతుక్కూర్చున్నట్టు మడిచాను. సరిగ్గా అక్కడే ఆనింది.

రోజు 324. ఏమీ నొక్కలేదు.

మూడు రోజులకి మించి ఏమీ నొక్కకపోతే పడవ వస్తుందట. నీరజ మేడం వచ్చారు. వచ్చేముందు నా పేరు మీద ఉన్నదంతా తీసి చూశారట. కింది గడిలోవి దారిలో చదివారట. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"లెక్కకొచ్చేది మొదటి గడి ఒక్కటే, బాబూ. కింది గడి ఎవరికి వెళ్తుందో నిన్నటిదాకా నాకే తెలీదు," అన్నారు.

కీలు గుడ్డలో చుట్టి ఇచ్చాను. గుండుని గిన్నెలో పెట్టి ఎలా మడవాలో చూపించాను. మేడం చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. అప్పుడు నేను అడిగాను. మనిషి ఎదురుగా ఉండగా.

"మీ యంత్రం గొంతుక్కూర్చుందా మేడం?"

ఆవిడ గుండుని గిన్నెలోంచి తీసి గుడ్డలో పెట్టారు. తర్వాత అన్నారు, "దానికి మోకాళ్ళు లేవు. నడక ఒక్కటే నేర్పించాం."

మూడు వేల కీళ్ళు తయారై ఉన్నాయట. వచ్చే నెల నుంచి అన్ని గట్ల మీదా పెడతారట. నలభై మందివీ ఒకట్లే కాబట్టి పరీక్ష గెలిచినట్టే. తోడు తన వేలితో తనే మారిస్తే తప్ప ఆ ఒకట్లు ఎవరూ మార్చలేరు. ఒక్క మనిషివి మారినా మూడు వేలూ ఆపాల్సిందే, మిగతా వాళ్ళందరి నెత్తురూ చూడాల్సిందే. 198 నుంచి 317 దాకా, నూట ఇరవై రోజులు. రేపు పడవ తిరిగి వెళ్ళేలోపు మార్చమన్నారు.

"నీ ఒట్టు సంగతి కూడా చదివాను, బలవంతం లేదు," అన్నారు.

రోజు 325.

తెల్లారేసరికి తవిటయ్య మావ మా గుమ్మంలో ఉన్నాడు. ఎవరు చెప్పారో ఏమో.

"మార్సకురా."

నేను నీళ్ళు ముంచడానికి బిందె దగ్గరికి వెళ్ళాను.

"పోతానని తెలిసే అడుగుతున్నాన్రా. మీ యత్త మూడొందల పద్దెనిమిది రోజులు నడిసింది. నాకు అందులో సగమియ్యి సాలు. నీను మార్సీసినావంటే మల్లీ మొదట్నించి సేత్తారు. అప్పటికి నాను ఉంటానా?"

"చెవులు పోతాయి మావా."

"పోనీ. ఏటినాలి నాను? మా ఆడదాని తిట్లా?" నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "నడవాలనున్నాదిరా. అంతే."

నాకు మావ మీద కోపం లేదు. ఆయన ఆశ ఎలాంటిదో నాకు తెలుసు, ఐదేళ్ళు దాన్ని వీపు మీద మోశాను. కానీ ఎర్రన్న తాత నిన్న అన్నం ఇనుము రుచిగా ఉందన్నాడు. అసిరమ్మని పిలిస్తే పలకడం లేదు. మూడు వేల ఇళ్ళలో మూడు వేల మంది తోడున్నవాళ్ళు దగ్గుతూ ఉంటారు.

మావకి మంచినీళ్ళిచ్చి, ఆయన ఎదురుగానే మొదలుపెట్టాను. 198. ఒకటి తీసి మూడు. 199. ఒకటి తీసి మూడు. ప్రతిదానికీ నిజంగానే మారుస్తారా అని అడుగుతుంది. అవును నొక్కాలి. మావ గుమ్మం వదిలి వెళ్ళలేదు. నా వేలినే చూస్తూ కూర్చున్నాడు. అత్త మీద పెట్టిన ఒట్టు ఒక్కోటీ తీసేస్తున్నట్టుంది నాకు.

283 దగ్గర ఆగాను.

ఆ రోజు కింది గడిలో నేనేమీ రాయలేదు. మీరు చూస్తే ఖాళీగా ఉంటుంది. ఆ రోజు వాన పడింది, రెండేళ్ళ తర్వాత. మళ్ళలో ఉప్పంతా కరిగిపోయింది. గట్టు మీద అందరూ ఉప్పు పోయిందని ఏడవకుండా బయటికొచ్చి నిలబడ్డారు. అత్త నన్ను పెరట్లోకి లాక్కెళ్ళి రాయి మీద కూర్చోబెట్టింది. తను వెనకాల గొంతుక్కూర్చుని, పీచుతో వీపు రుద్దింది. పదహారేళ్ళవాణ్ణి, సిగ్గేసి చచ్చాను. పక్కింటి ఆడపిల్లలు చూస్తున్నారు. వదులత్తా అంటే వినబడదు కదా. "ఉప్పు మేటేసినాదిరా నీ ఒంటి మీద" అంటూ రుద్దుతూనే ఉంది. ఆమె కదిలినప్పుడల్లా తుంటి కిర్రుమంటూనే ఉంది. వాన చప్పుడులో అది నాకు కూడా సరిగ్గా వినబడలేదు.

తర్వాత చేతులు మొహం ముందు పెట్టి, ఎలా ఉంది అని సైగ చేశాను. రోజూ అడిగేదే. రోజూ నాకోసం చెప్పే అబద్ధమే చెబుతుందనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. వాన నీళ్ళు గడ్డం మీంచి కారుతున్నాయి. కాలు ఒకసారి మడిచి, చాచి, మళ్ళీ మడిచి చూసుకుంది.

"ఈ రోజు బాగున్నాదిరా. నిజంగా," అంది.

నూట పందొమ్మిది మార్చాను. పడవ గంట కొడుతోంది. ఆ ఒక్క రోజుదీ 1 అనే ఉంది. అది కూడా మార్చాలంటారా?